నర్సింలన్న తాళీకి నాలుగో చెయ్యి

మా నర్సింలన్న డబ్బు పెట్టి కొన్న వస్తువు తినడు, తాగడు, ఒంటికి పూసుకోడు. ఇరవై రెండేళ్లు సౌదీలో, అందులో పద్దెనిమిదేళ్లు జుబైల్లో, ఈ ఒక్క నియమం మీదే బతికాడు. ఊరు ఆర్మూరు పక్కన. పని ప్లాంటులో పైప్ ఫిట్టరు. జీతం ప్రతి నెలా ఠంచనుగా వచ్చేది. అయినా ఎక్కడైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారని చెవిన పడితే చాలు, ఇచ్చేదేమిటో తెలియకముందే వరసలో నిలబడేవాడు. ఊరికే వచ్చేదాన్ని అక్కడ ముఫ్త్ అంటారు. అందుకని మా గదిలోనే కాదు, చేపల మార్కెట్టు దాకా ఆయన పేరు ముఫ్త్ నర్సింలు.

గదిలో ముగ్గురం. నర్సింలన్న, నీళ్ల ట్యాంకరు నడిపే మస్తాన్ వలీ, నేను. నా పేరు కొర్నేలు, రాజోలు. ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో స్టోర్ కీపర్ని. ఏసీలో కూర్చుని నట్లూ బోల్టులూ ఇచ్చే ఉద్యోగం కాబట్టి చొక్కా ప్యాంటులోకి దోపేవాణ్ణి. ఆ పాపానికి నర్సింలన్న నన్ను "సారూ" అనేవాడు.

"మెస్సుకి డబ్బు కడుతున్నారుగా, మరి అది కొన్నట్టు కాదా?" అని ఒకసారి నిలదీశాను.

"నేను గా పైసలు మస్తాన్‌కిచ్చిన. మస్తాన్ బియ్యం కొన్నడు. నాకు మస్తాన్ పెట్టిండు. నేనేడ కొన్న సారూ?"

ఈ తర్కానికి బదులు చెప్పగల ప్లీడరు ఇంకా పుట్టలేదు.

నెహెమ్యా అని అమలాపురం వైపు వెల్డరు ఒకడు కొత్తగా దిగినప్పుడు మా గదికొచ్చి అడిగాడు. "అన్నా, మనలాంటి బయటోళ్లకి ఈ ఊళ్లో బతకడానికి నెలకి ఎంతవుద్ది?"

మస్తాన్ వలీ వేళ్లు మడిచాడు. "మంచం అద్దె మూడొందల రియాళ్లు. మెస్సు రెండొందల యాభై. ఫోను డెబ్బై. సబ్బులూ క్షవరమూ ఇంకో యాభై. సముద్రం పక్కన ఊరు కదా, గాలికి సామాన్లన్నీ తుప్పు పట్టిపోతాయి, దానికి ఎంతో కొంత వేసుకో."

"సున్నా," అన్నాడు నర్సింలన్న మంచం మీంచి.

"సున్నానా?"

"సున్నా. తెల్వనోనికి ఖర్చు. తెలిసినోనికి ఏం ఖర్చు?"

ఆ తెలిసిన విద్య చూడాలంటే శుక్రవారం ఆయన వెంట మాల్‌కి వెళ్లాలి. ముందు అత్తర్ల దుకాణాలు. ఊరికే వాసన చూడమని పెట్టిన సీసాల్లోంచి మొదటి దుకాణంలో కుడిచంకకి, రెండో దుకాణంలో ఎడమచంకకి, మూడో దుకాణంలో మీసానికి. ఏడో దుకాణం దాటేసరికి ఆయన పక్కన నడిచేవాడికి కళ్లు తిరిగేవి. తరవాత సూపర్ మార్కెట్టులో రుచి చూడమని పెట్టే జున్నుముక్కలు. టోపీ లేకుండా ఒకసారి, టోపీతో ఒకసారి, టోపీ వెనక్కి తిప్పి మరోసారి. చివరికి ఒళ్లు పట్టే కుర్చీలు అమ్మే చోటు. అందులో కూర్చుని రెండు గంటలు నిద్ర.

"కొంటావా బాబా?" అని సేల్స్‌మన్ అడిగేవాడు.

"సోచ్ రహా హూఁ," అనేవాడు ఈయన కళ్లు తెరవకుండా. ఆ ఆలోచన మొదలై పదకొండేళ్లయింది. ఈలోగా నలుగురు సేల్స్‌మన్లు మారారు.

మాల్‌లో వైఫై కూడా ముఫ్తే. అక్కడినుంచే ఊళ్లో ఉన్న భార్య లస్మవ్వకి వీడియో కాల్.

"ఏడున్నవ్? ఎనక సీసాలు గనవడుతున్నయ్. మల్లా వాసన సూస్తున్నవా?" అనేది ఆవిడ.

"నీ కోసమే సూస్తున్ననే."

"పద్దెనిమిదేండ్లసంది సూస్తనే ఉన్నవ్. ఒక్క సీస ఇంటికొచ్చిందా?"

ఒకసారి పిల్లల పాలపొడి కంపెనీవాళ్లు తల్లులకి డబ్బాలు పంచుతున్నారు. వరసలో ముప్పై మంది ఆడవాళ్లు, మధ్యలో మా నర్సింలన్న. "బిడ్డ వయసెంత?" అని అడిగితే ఈయన అబద్ధం చెప్పలేదు. "అట్ఠాయీస్ సాల్," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల బిడ్డ తాలూకు తండ్రి ముఖం చూసి ఆ అమ్మాయి జాలిపడి రెండు డబ్బాలిచ్చింది. నెల్లాళ్లు ఆ పాలపొడితోనే మాకు టీ. మస్తాన్ వలీ బరువు పెరిగాడు.

మరోసారి అక్కడే ఉచిత షుగర్ పరీక్ష పెట్టారు. సూది పట్టుకున్నది సాక్షాత్తూ నా మరదలు రూతు. మా ఆవిడ చెల్లెలు, జుబైల్లోనే ఒక ఆస్పత్రిలో నర్సు. మస్తాన్ వలీకి నూట పది వచ్చింది. నాకు నూట ఇరవై. నర్సింలన్నకి మూడొందల పది.

"సూసినవా సారూ!" అని ఎగిరి గంతేశాడు. "సూది ఒక్కటే, సుక్క ఒక్కటే. మీకు నూటపది, నూటిరవై. నాకు మూడొందల పది ఇచ్చిండ్రు!"

"అది ఎక్కువ రాకూడదండీ," అంది రూతు నవ్వు ఆపుకుంటూ. "ఇక ఖర్జూరాలు, స్వీట్లు ముట్టుకోకండి. అన్నం తగ్గించండి. మందులు కొనుక్కోవాలి."

"కొనాల్నా?" అని ఆ ముఖం మొట్టమొదటిసారి వాడిపోయింది.

ఇక రెండువేల పద్దెనిమిది జనవరి వచ్చింది. దాంతో వ్యాట్ వచ్చింది. పెట్రోలు ధర పెరిగింది. గదిలో మస్తాన్ వలీ తల పట్టుకుని కూర్చున్నాడు. "ఉప్పు మీద కూడా ఐదు శాతం వేశారన్నా! ఉప్పు మీద!"

"అరే మస్తాన్, ముఫ్త్ మీద ఐదు శాతమంటే ఎంత?"

"సున్నా."

"మల్ల నాకెందుకు జెప్తున్నవ్?"

కానీ ఉప్పు మాట ఆయన మనసులో నాటుకుంది. మర్నాటి సాయంత్రం సముద్రం దగ్గరికి వెళ్లి ఇరవై లీటర్ల డబ్బా నింపుకొచ్చి, ఆ నీళ్లతో అన్నం వండాడు. ఉప్పు ఖర్చు ఉండదట. మొదటి ముద్ద నోట్లో పెట్టిన మస్తాన్ వలీ లేచి బాత్రూంలోకి పరిగెత్తాడు, అరగంట దాకా రాలేదు. నేను మర్యాదకి రెండు ముద్దలు తిని రాత్రంతా కుళాయి పక్కనే కూర్చున్నాను. నర్సింలన్న మాత్రం పళ్లెం ఖాళీ చేసి, "జెర ఉప్పెక్కువైంది, రేపు సగం నీళ్లు గలుపుదాం," అన్నాడు. మస్తాన్ వలీ ఆ డబ్బాని మేడ మీదికి తీసుకెళ్లి పారబోశాడు. ఇరవై లీటర్లు ముఫ్త్ సామాను పోయిందని నర్సింలన్న రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

ఈయన్ని చూసి అందరికన్నా ఎక్కువ నవ్విందీ, వేళాకోళం చేసిందీ నేనే. ఆ సంగతి ఒప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కణ్ణించి కథ నా మీదికి తిరుగుతుంది.

నితాకత్ అని అప్పటికి కొన్నేళ్లుగా ప్రభుత్వం కంపెనీలకి రంగులు పూస్తోంది. సౌదీవాళ్లకి సరిపడా ఉద్యోగాలిచ్చిన కంపెనీ పచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఎర్ర కంపెనీలో ఉన్నవాడి ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, కొత్తది రాదు. దానికి తోడు ఆ ఏడాది బయటిదేశపు పనివాడి తలకింతని కంపెనీ మీద పన్ను పెంచారు. మా ముదీర్, అంటే కంపెనీ పెద్ద, మాకు పడిన ఎరుపుని కొన్నాళ్లు గీకి గీకి చూశాడు. ఫిబ్రవరినుంచి జీతాలు ఆపాడు. ఏప్రిల్లో స్టోరుకి తాళం వేసి, "ఇన్షా అల్లా" అని చెప్పి ఫోను కట్టేశాడు.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే గదికి తెలుస్తుంది, గదికి తెలిస్తే రూతుకి తెలుస్తుంది, రూతుకి తెలిస్తే రాజోల్లో మైకు పెట్టినట్టే. అక్కడ నన్ను అందరూ "సౌదీ స్టోర్ మేనేజరుగారు" అంటారు. మేనేజరు అన్న ముక్క నేను చెప్పిందే. ఇంకో కంపెనీకి మారేదాకా ఎలాగోలా గుట్టుగా నెట్టుకొస్తే చాలనుకున్నాను.

అందుకని రోజూ ఉదయం చొక్కా దోపుకుని, సంచీ తగిలించుకుని, ఆరింటికి బయల్దేరి సముద్రం ఒడ్డుకి పోయేవాణ్ణి. ఉదయం తిరగగలిగినన్ని కంపెనీల గేట్ల దగ్గర కాగితాలిచ్చి, మిగతా రోజంతా ఇసుకలో ఒక రేకు నీడ కింద కూర్చుని, సాయంత్రం అలిసిపోయిన ముఖం పెట్టుకుని గదికి చేరేవాణ్ణి. ఆ ముఖం పెట్టడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది.

"ఏందన్నా, ఏసీలో కూర్చునేవాడివి నల్లబడిపోయావ్?" అన్నాడు మస్తాన్ వలీ.

"స్టాక్ అంతా బయట లెక్క పెడుతున్నాం."

"మెస్సు ఎందుకు మానేశావ్?"

"కంపెనీలోనే భోజనం పెడుతున్నారు. లావవుతున్నానని రాత్రి మానేశా."

రూతు ఫోను చేసింది. "బావా, ఈ నెల డబ్బు రాలేదని అక్క అడుగుతోంది."

"బ్యాంకులో సర్వర్ డౌన్ అమ్మా."

"పోయిన నెల కూడా అదే చెప్పారు."

"అదే సర్వర్ అమ్మా, ఇంకా లేవలేదు."

నర్సింలన్న ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం గుమ్మం దగ్గర నా బూట్లకేసి చూసి, "మీ స్టోర్ల ఇసుక గిట్ల అమ్ముతుండ్రా సారూ?" అన్నాడు. "కాంక్రీటు పని జరుగుతోందన్నా," అన్నాను చటుక్కున. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మే నెలలో రంజాన్ వచ్చింది. పగలు వీధిలో నీళ్లు కూడా తాగకూడదు. ఆ నెల జుబైల్లో నిష్ఠగా ఉపవాసం చేసిన క్రైస్తవుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మూడో రోజు సాయంత్రం కళ్ల ముందు చుక్కలు ఎగురుతుండగా గదిలో పడుకుంటే, నర్సింలన్న వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు.

"సారూ, నాకో సాయం జెయ్యాలె."

"ఏంటన్నా?"

"మసీదు ఎనక ఇఫ్తార్ టెంటు ఏసిండ్రు గదా. మస్తు తాళీ. ఇంత ఎత్తు అన్నం, కోడి, లబన్ మజ్జిగ. అంతా ముఫ్త్. గని ఒక్కనికి ఇయ్యరంట. నలుగురు గల్సి గూసుంటెనే తాళీ వెడ్తరంట. ముగ్గురున్నం. ఒక్క చెయ్యి తక్కువైంది."

"నేను క్రైస్తవుణ్ణి కదా?"

"నేను మల్ల ఎవ్వన్ని? గాడ చెయ్యి కడుక్కున్నవా అని తప్ప ఏం అడుగరు. జెర రా సారూ. నువ్వు రాకుంటె నాకు తాళీ పోతది."

ఆయన కళ్లలో ఆ దిగులు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నా కడుపు అప్పటికే లేచి చెప్పులు వేసుకుంది, కానీ నేను బెట్టు చేశాను. "సరే, మీ కోసం వస్తాను. రోజూ అంటే మాత్రం కుదరదు."

"రోజు కుదరాలె సారూ. రోజు తాళీ వెడ్తరు గదా."

వెళ్లి చూస్తే చాప మీద నెహెమ్యా ఉన్నాడు, జుబైల్లో బతకడానికి ఎంతవుతుందని అడిగిన ఆ వెల్డరే. పక్కన బాబ్జాన్, కర్నూలు మనిషి, ఏసీ మెకానిక్కు. పాపం, వీళ్లని కూడా పట్టుకొచ్చాడన్నమాట తన తాళీ కోసం అనుకున్నాను. నేను సాయానికొచ్చినవాణ్ణి కాబట్టి మొదటి రెండు ముద్దలు నెమ్మదిగా తిన్నాను. మూడో ముద్దనుంచి ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు.

నర్సింలన్న ఒక్క ముద్ద కెలికి, తన వంతు కోడిని మా వైపు తోసేవాడు. తన ఖర్జూరాలు నా జేబులో వేసేవాడు. "పారేస్తె పాపం, రేపటికి ఉంచుకో." ముఫ్త్ తాళీ సంపాదించిన ఆనందంతోనే ఆయన కడుపు నిండిపోతుంది కాబోలనుకున్నాను. అలా రోజూ వెళ్లాను. రోజూ, "మీ కోసమే సుమా," అని గుర్తు చేస్తూనే వెళ్లాను.

ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో రోజో, ప్లాంటులో షట్‌డౌన్ పని పడి నర్సింలన్నకి ఓవర్‌టైం వేశారు. టెంటులో మేం ముగ్గురమే మిగిలాం. పొద్దు దిగుతోంది. తాళీలు వచ్చేస్తున్నాయి.

"నాలుగో మనిషి లేడు, ఇక తాళీ రాదు," అన్నాను.

"ఎవర్నన్నా పిలుద్దాం," అన్నాడు నెహెమ్యా. దారిన పోయే బెంగాలీని పిలిస్తే అతను తన ముఠాతో కూర్చున్నాడు. అప్పుడు బాబ్జాన్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పెద్ద నీళ్ల సీసా నిలబెట్టి, దానికి నెహెమ్యా తువ్వాలు చుట్టి, పైన నా టోపీ పెట్టాడు. "చీకటి పడుతోంది. తల ఒంచుకుని దువా చేస్తున్నాడనుకుంటారు."

వడ్డించే సూడానీ పెద్దాయన తాళీ తెచ్చి మా మధ్య పెట్టాడు. టోపీ పెట్టుకున్న సీసాని చూశాడు. వంగి మళ్లీ చూశాడు. "ఇదెవరు?" అని అరబీలో అడిగాడు.

బాబ్జాన్ గుటకలు మింగుతూ చెప్పాడు, నలుగురుంటేనే తాళీ అన్నారు కదా అని.

ఆ పెద్దాయన నవ్వడం మొదలుపెట్టి, నడుం పట్టుకుని చాప మీద కూలబడ్డాడు. ఆయన చెప్పింది బాబ్జాన్ ముక్కలు ముక్కలుగా మాకు తెలుగు చేశాడు. "నలుగురా? ఎవరు చెప్పారు? ఒక్కడొచ్చినా పెడతాం అంటున్నాడు. రోజూ మీతో వచ్చే ముసలాయన మీకన్నా గంట ముందొచ్చి చాపలు పరిచి, మిమ్మల్ని పిలవడానికి పోతాడంట. నువ్వు కూడా తినవయ్యా అంటే సుక్కర్, సుక్కర్, షుగరుందని చెయ్యి ఊపుతాడంట. ఆ ముగ్గురికి మాత్రం పెద్ద తాళీ పెట్టు, కోడి ఇంకో ముక్క వెయ్యి అని రోజూ ప్రాణం తీస్తాడంట."

ఆ పెద్దాయన వెళ్లిపోయాక నెహెమ్యా సీసా మీంచి తన తువ్వాలు విప్పాడు.

"నేను పాపం ఆయన కోసం వస్తున్నా," అన్నాడు నెహెమ్యా నెమ్మదిగా.

"నేనూ అంతే. నాకు ఉపవాసం విడవడానికి మసీదులో ఒక ఖర్జూరం చాలు. ముసలాయన బతిమాలాడని కూర్చున్నా," అన్నాడు బాబ్జాన్.

"నేనూ..." అన్నాను. "నెహెమ్యా, నీ కంపెనీ ఏ రంగు?"

"ఎరుపన్నా. మార్చి నుంచి."

బాబ్జాన్ తల దించుకునే, "మాదీ," అన్నాడు.

ఆ రోజు తాళీలో మెతుకు మిగల్లేదు. పెద్దాయన నవ్వు తగ్గక ఇంకో కోడి కూడా పెట్టిపోయాడు. అదీ మిగల్లేదు.

గదికొచ్చేసరికి ఎనిమిదయింది. నర్సింలన్న అప్పుడే డ్యూటీ దిగి, నూనె బట్టల్తోనే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మస్తాన్ వలీ ట్యాంకరు మీద పోయాడు.

"తాళీ ఇచ్చిండ్రా సారూ?"

చిలిపితనం నా ఒంట్లో ఉన్న జబ్బు. "ఎక్కడన్నా! ముగ్గురే ఉన్నారని ఇవ్వలేదు. మీరు లేరుగా. రూలు రూలే కదా."

"ఇయ్యలేదా!" ఆయన ముఖం ఎర్రబడింది. "గట్లెట్ల ఇయ్యరు? పా, పోయి అడుగుదాం!"

"ఏమని అడుగుతారన్నా? నలుగురుంటేనే అని మీరేగా చెప్పారు."

తన అబద్ధంలో తనే ఇరుక్కున్న మనిషిని అంత దగ్గరనుంచి నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పేద్దామని నేను నవ్వు ఆపుకునేలోపే ఆయన గిర్రున తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పావుగంటలో వచ్చాడు. చేతిలో కవరు. కవర్లో బొగ్గుల మీద కాల్చిన కోడి, సగం కాదు, మొత్తం. వేడి వేడి ఖుబూస్ రొట్టెలు.

"తిను సారూ. దుకాణం కట్టేస్తుండ్రు, మిగిలిందంట, ముఫ్త్‌ల ఇచ్చిండు."

రంజాన్ నెలలో రాత్రి ఎనిమిదింటికి దుకాణాలు మూసే వేళ కాదు, అప్పుడే తెరిచే వేళ. అయినా ఆయన ముఖం చూసి ఏమనగలను? కవరు విప్పితే రొట్టెల మధ్యనుంచి రసీదు జారి నా ఒళ్లో పడింది. పదిహేను రియాళ్లు. కింద చిన్న అక్షరాలతో వ్యాట్, హలాలాల్లో, అంటే వందైతే ఒక రియాలు.

"నర్సింలన్నా, ముఫ్త్ మీద ఐదు శాతమంటే ఎంత?"

"సున్నా."

"ఇక్కడ డెబ్బయ్యొక్క హలాలా వేశాడు."

రసీదు లాక్కున్నాడు. తిరగేసి చూశాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. "గా దుకాణపోడు పెద్ద దొంగ సారూ. రేపు పోయి గల్లా వట్టుకుంట." ఒక రొట్టె నా ముందుకి తోసి, "ఇంకోటి. రేపటిసంది సముద్రం కాడికి బూట్లేసుకొని పోకు, చెప్పులేసుకో. మస్తాన్ సూడకముందు గుమ్మం కాడ ఇసుక ఊడ్సి ఊడ్సి నా నడుం వడిపోతున్నది," అన్నాడు.

తాళీ తినేశానని చెప్పడానికి నాకిక నోరు రాలేదు. నోటినిండా కోడి ఉంది. ఇరవై రెండేళ్లలో మొట్టమొదటిసారి ఆ మనిషి డబ్బిచ్చి కొన్న తిండిని, గొంతు దాకా నిండిన కడుపు మీద, చివరి ఎముక దాకా తిన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని, "నిమ్మలంగ తిను, నిమ్మలంగ తిను," అంటూ ఇంకో రొట్టె వేశాడు. సముద్రపు నీళ్ల అన్నం తర్వాత నన్ను అంత ఇబ్బంది పెట్టిన భోజనం అదే.

మర్నాడు సాయంత్రం వచ్చి, "సారూ, నాలుగో చెయ్యి," అన్నాడు. "పదండన్నా, లేకపోతే తాళీ ఇవ్వరు," అన్నాను. నెహెమ్యా, బాబ్జాన్ కూడా అదే మాట అన్నారట. రంజాన్ అయ్యేదాకా ఆ రూలు ఎవరం అతిక్రమించలేదు.

పండగ వెళ్లాక రూతుకి నేనే చెప్పాను. అనుకున్నట్టే గంటలో రాజోలుకి చేరింది, ఆకాశమేమీ ఊడిపడలేదు. ఎర్ర కంపెనీలోంచి యజమాని సంతకం లేకుండా మారొచ్చు కనక ఆగస్టులో పచ్చ కంపెనీకి మారాను.

ఇప్పుడు కొత్తగా దిగినవాళ్లు వచ్చి అడుగుతుంటారు, జుబైల్లో బతకడానికి నెలకి ఎంతవుతుందని. నర్సింలన్న ఇప్పటికీ సున్నా అనే చెబుతాడు. ఆయన వినకుండా నేను వాళ్లని పక్కకి పిలిచి సరిచేస్తుంటాను. సున్నా కాదు, డెబ్బయ్యొక్క హలాలా.